కట్టు తప్పిన కిరాయి

లారీ కొనాలనుకునేవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. ఏ బండి మంచిది, కొత్తది తీసుకోవాలా పాతదా, వాయిదాలు ఎన్నేళ్ళకి పెట్టించుకోవాలి, ఇవే అడుగుతారు. ఎంత కిరాయికి బండి కదపకూడదో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ముప్ఫై రెండేళ్ళు స్టీరింగు పట్టుకున్నాను. చిన్నా చితకా తప్పులు లెక్కలేనన్ని చేశాను గానీ, చెప్పుకుని సిగ్గుపడాల్సింది ఒక్కటే. దాన్ని మీరు అడక్కుండానే రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా పర్వాలేదు, ఆ తిట్లన్నీ నాకు పాతవే.

అరవైల చివరి రోజులవి. సాలూరులో ఒక పెద్ద యజమాని దగ్గర ఆరేళ్ళు జీతానికి బండి నడిపాను. ఆ తర్వాత ఉన్న కాస్త మెట్టభూమి అమ్మి, మిగతా సొమ్ము విజయనగరంలో వడ్డీకి తెచ్చి, పాత లారీ ఒకటి కొన్నాను. అప్పిచ్చినాయన నా మొహం చూసి ఇవ్వలేదు. హామీ ఉండే మనిషి కావాలన్నాడు. నేను వాయిదా తప్పితే ముందు నా బండి పట్టుకుపోతారు, చాలకపోతే హామీ ఉన్నవాడి బండి మీద పడతారు. అలాంటి కాగితం మీద ఎవరు సంతకం పెడతారని నేను దిగులు పడుతుంటే, మాతోపాటు సొంత బండి నడుపుకునే ఒక పెద్దాయన నాతో బస్సెక్కి వచ్చి సంతకం పెట్టేశాడు. శ్రీముఖలింగం దగ్గర ఊరి మనిషి. మాకు చుట్టరికం లేదు. నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు, అంతే.

ఆ రోజుల్లో సాలూరులో లోడు వరస ప్రకారం దొరికేది. బళ్ళన్నీ రోడ్డు పక్కన ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. దాన్నే లైను అనేవాళ్ళం. ముందున్న బండికి ముందు లోడు. ఉప్పు, కిరసనాయిలు, ఎండు చేప కొండల మీది ఘాటు రోడ్డెక్కి జయపురం వెళ్ళేవి. అక్కడి నుంచి చింతపండు, కొండచీపుళ్ళు, నూనెకి ఆడే వలిసె గింజలు దిగేవి. బస్తాకింత అని కిరాయి ముందే మాట్లాడుకున్నదే. ఒకడికి తక్కువా ఇంకొకడికి ఎక్కువా ఉండదు. బండి యజమానులు ఎక్కువమంది డ్రైవర్లే. ఒక్క బండి, ఒక్క మనిషి.

కిరాయి తెలుసు గానీ, ఖర్చు మాలో ఎవరికీ తెలియదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ట్రిప్పు నుంచి వచ్చాక డీజిలు, చెక్‌పోస్టు, కళాసీల కూలి పోగా జేబులో ఎంతుంటే అదంతా లాభమనుకునేవాళ్ళం. ఆ డబ్బుతో ఇంటికి బియ్యం కొనేవాళ్ళం, పెళ్ళాలకి చీరలు కొనేవాళ్ళం. ఘాటు రోడ్డు మీద టైరు ఎంత అరిగిందో, కమాను పట్టీ ఎంత వంగిందో, ఆ అరుగుదలని కూడా తింటున్నామని ఎవరికీ తోచేది కాదు. టైరు పేలిన రోజున మాత్రం దేవుణ్ణి తిట్టేవాళ్ళం.

మావ ఒక్కడే వేరు. ఆయన దగ్గర రెండు గుడ్డసంచులు ఉండేవి. ఒకటి ఇంటిది, రెండోది టైరుది. ప్రతి ట్రిప్పుకీ టైరు సంచిలో ఇంతని పడాల్సిందే. ఆ సంచి జోలికి ఆయన భార్య కూడా వెళ్ళేది కాదు.

"టైరు అరిగినప్పుడు నీకు నొప్పెట్టదు. అందుకే నీకు తెల్దు," అనేవాడు నాతో. "సంచి కుట్టించుకో అల్లుడా. బండి నీకు తిండెడతన్నాది, నువ్వు బండికెట్టొద్దా?"

అలాగే మావా అనేవాణ్ణి. కుట్టించుకోలేదు. వాయిదా కట్టడానికే ప్రాణం పోయేది. అప్పటికి క్లీనర్ని కూడా మానిపించేశాను. ఘాటులో బండి వెనక్కి జారితే చక్రం కింద రాయి పెట్టే మనిషి లేడు. నాకు నేనే క్లీనర్ని.

ఇంతలో డీజిలు ధర పెరిగింది, టైర్ల ధర పెరిగింది. కిరాయి మాత్రం ఉన్నచోటే ఉంది. బస్తాకి పావలా పెంచమని మా లారీ యజమానుల సంఘం పెద్దలు షావుకార్లని అడిగారు. షావుకార్లు కుదరదన్నారు. వానాకాలం మొదట్లో లైను ఆపేద్దామని తీర్మానించాం.

మా లైను ఆపేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఉత్తి మాట మీద ఎవరూ ఎవర్నీ నమ్మేవాళ్ళం కాదు. ప్రతివాడూ తన టార్పాలిన్, తాళ్ళు తెచ్చి సంఘం షెడ్డులో పెట్టాలి. పైన కప్పడానికి టార్పాలిన్ లేని బండికి వానల్లో ఏ షావుకారూ ఉప్పు బస్తా ఎక్కించడు. టార్పాలిన్ ఇస్తే నోటితో ఒట్టు వేసినట్టే. షెడ్డు నిండిపోయింది. తడి గుడ్డ వాసన, డీజిలు వాసన. నాది నేనూ మావా చెరో అంచూ పట్టుకుని మడతపెట్టి లోపల పెట్టాం.

మొదటి రెండు మూడు రోజులు పండగలాగే ఉంది. చీట్లపేక, కబుర్లు. ఆ తర్వాత పేక మానేశారు. ఆ తర్వాత కబుర్లు కూడా తగ్గాయి. ఎవరి బండిలో వాళ్ళు కూర్చుని వాన చూస్తుండేవాళ్ళు. కదలని బండిలో కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. ఇంటికి వెళ్దామంటే, పెళ్ళాం ఏమీ అడగదు గానీ బియ్యం డబ్బా మూత చప్పుడు చేస్తుంది.

తొమ్మిదో రోజున విజయనగరం నుంచి అప్పాయన మనిషి వచ్చాడు. వాయిదా దాటిపోయింది, లైను ఆపడం మీ గొడవ, మాకు సంబంధం లేదన్నాడు. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత మావ బండి చుట్టూ కూడా తిరిగాడు.

అతను వెళ్ళాక మావ తన క్యాబిన్‌లోకి ఎక్కి, సీటు కింద నుంచి టైరు సంచి తీశాడు. అందులో ఉన్నదంతా నా చేతిలో గుమ్మరించాడు.

"ఇది టైరు డబ్బు మావా," అన్నాను.

"బండ్లు ఆగిపోయి ఉన్నాయి. టైరెక్కడ అరుగుతాదిరా ఇప్పుడు? అట్టుకెళ్ళి ఇచ్చీసి రా. లైను తెరిసినాక నాకిద్దువు గాని."

పట్టుకెళ్ళాను. అది సగం వాయిదాకే సరిపోయింది. అప్పాయన ఆ సగం తీసుకుని రసీదు రాశాడు. మిగతా సగం నాలుగు రోజుల్లో కట్టకపోతే మనుషుల్ని పంపుతానన్నాడు. తిరుగు బస్సులో ఆ రసీదు జేబులో పెట్టుకుని, నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నా, నేనొక్కణ్ణే ఆ బస్సులో ఉన్నట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్న ఉప్పు షావుకారు కబురు పంపాడు. వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. అక్కడే నా తప్పు మొదలైంది, తర్వాతదంతా దాని తోక.

"పావలా కోసం పదిరోజులు పస్తులుంతన్నారా?" అన్నాడాయన. "నీకు నాను అర్ధ రూపాయి ఎక్కువిత్తాను. ఒక్క ట్రిప్పు. తెల్లారగట్ల నా మిల్లుకాడ ఎక్కించుకుని ఎల్లిపో. ఎవుడూ సూడడు."

"టార్పాలిన్ షెడ్డులో ఉండిపోనాది బాబూ," అన్నాను. అంటే అప్పటికే ఒప్పేసుకున్నానన్నమాట.

"మిల్లులో నాదున్నాది. కప్పుకెల్లు."

మనసులో లెక్క వేసుకున్నాను. బస్తాకి అర్ధ రూపాయి ఎక్కువంటే మిగతా సగం వాయిదా వచ్చేస్తుంది. నా బండి నిలబడుతుంది, మావ బండి మీదికి ఎవరూ రారు. ఇదంతా మావ కోసమే చేస్తున్నానని కూడా అనుకున్నాను. మనిషి తనకి తాను చెప్పుకునే మాటలకి ఎవరూ అడ్డు రారు కదా.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మావ మా ఇంటికి వచ్చాడు. బయటి నుంచి గొంతు విని నేను గోడ వైపు తిరిగి పడుకుని, నిద్రపోయానని చెప్పమని మా ఆవిడకి సైగ చేశాను. ఆయన మొహం చూస్తే నిజం చెప్పేస్తానని భయం.

"నిద్దరోయినారు మావయ్యా. ఒంట్లో బాగోనేదు," అంది మా ఆవిడ.

"లేపకు, లేపకు. ఏటీ నేదు, మంచి మాటే. పొద్దున్న నానే ఒచ్చి సెప్తాన్లే," అని వెళ్ళిపోయాడు. వానలో ఆయన చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

తెల్లారకముందే మిల్లుకి వెళ్ళాను. కళాసీలు నా వైపు చూడకుండా ఎక్కించారు. షావుకారు టార్పాలిన్ వడ్లు ఆరబోసుకునేది, చిల్లులున్నది. దాన్నే బస్తాల మీద కప్పి బయల్దేరాను. ఊరు దాటేసరికి వెలుగొచ్చింది.

ఆ ఘాటు నేను కొన్ని వందల సార్లు ఎక్కాను. ఆ రోజు ఎక్కినట్టు ఎప్పుడూ ఎక్కలేదు. మామూలుగా ఆ దారిలో మనిషి ఒంటరిగా ఉండడు. ఎదురొచ్చే ప్రతి బండీ మన బండే. దిగేవాడు ఎక్కేవాడికి చెయ్యి ఊపుతాడు. మలుపులో రాయి పడి ఉంటే వేలితో చూపిస్తాడు. సుంకి చెక్‌పోస్టులో మంచివాడున్నాడో చెడ్డవాడున్నాడో మొహంతోనే చెప్పేస్తాడు. ఆ రోజు కొండ మొదలు నుంచి చివరిదాకా ఒక్క లారీ ఎదురు రాలేదు. పొగమంచులో నా ఇంజిను చప్పుడు కొండకి తగిలి నాకే తిరిగొచ్చింది. రెండుచోట్ల మలుపు తిరిగేముందు అలవాటుగా హారన్ కొట్టాను. తర్వాత కొట్టడం మానేశాను. ఎవరికోసం కొట్టాలి?

ఒకచోట ఎత్తు మీద బండి ఆగి వెనక్కి జారబోయింది. బ్రేకు తొక్కిపెట్టి, చెమటలు కక్కుతూ, మెల్లగా ముందుకి తీశాను. ఆ నిమిషంలో గొంతెత్తి "మావా" అని అరిచాను. ఎందుకు అరిచానో తెలియదు. సిగ్గేసింది, చుట్టూ ఎవరూ లేకపోయినా సిగ్గేసింది.

మధ్యాహ్నం దాటాక జయపురం చేరాను. షావుకారు గుమస్తా బస్తాలు దింపించి తడిసినవి వేరే పెట్టించాడు. షావుకారు టార్పాలిన్ చిల్లులకి నా కిరాయిలో కోత పెట్టాడు. తర్వాత డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అది పాత కిరాయే.

"బాబూ, అర్ధ రూపాయి ఎక్కువన్నారు కదా," అన్నాను.

"అప్పుడన్నారు. ఇప్పుడు సాలూరు నుంచి టెలిఫోను వచ్చింది," అన్నాడు గుమస్తా. "మీ లైను తెరిచేశారట. బళ్ళన్నీ లోడెత్తుతున్నాయి, పాత కిరాయికే. ఇంక నీకు మాత్రం ఎక్కువెందుకివ్వాలి? నువ్వే చెప్పు."

ఆ నోట్లే మడిచి జేబులో పెట్టుకున్నాను. తిరుగు ప్రయాణానికి చింతపండు లోడు దొరికింది. డీజిలు ఖర్చుకి పైన నాలుగు డబ్బులు మిగిలితే చాలని ఒప్పుకున్నాను. అన్నీ కలిపి, ఇంట్లో ఇత్తడి బిందె ఒకటి అమ్మి, ఎలాగో వాయిదా కట్టాను. బండి నిలబడింది.

ఏం జరిగిందో సాలూరు వచ్చాక తెలిసింది. ముందురోజు షావుకార్లే మెత్తబడి సంఘం పెద్దలకి కబురు పంపారట. మర్నాడు మధ్యాహ్నం కూర్చుందాం, పావలా కాకపోయినా సగమైనా పెంచుతాం అన్నారట. ఆ ఒక్క పూట అందరూ ఓపిక పట్టాలని చెప్పడానికి మావ ఇల్లిల్లూ తిరిగాడు. మా ఇంటికి వచ్చింది దానికే. పొద్దున్న నా బండి ఖాళీ చోటు లైనులో అందరికీ కనిపించింది. మీవాడొకడు అప్పుడే లోడెత్తుకుని వెళ్ళిపోయాడు, ఇంక మీతో మాట్లాడేదేముంది అన్నారు షావుకార్లు. పదిగంటలకి ఒకడు షెడ్డులోకి వెళ్ళి తన టార్పాలిన్ తెచ్చుకున్నాడు. పన్నెండయ్యేసరికి షెడ్డు ఖాళీ.

నన్ను కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. నా టార్పాలిన్ ఎవరో తీసుకొచ్చి మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. అది చక్కగా మడిచి, తాడు చుట్టి ఉంది. అంత జాగ్రత్తగా తాడు చుట్టేది మా లైనులో ఒక్కరే.

ఆ తర్వాత సంగతి మీలో లైనులో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. టీకొట్టులో నేను కూర్చుంటే బల్ల మీద మాటలు ఆగిపోయేవి. నేను లేచి రోడ్డు దాటేసరికి మళ్ళీ మొదలయ్యేవి. వరసలో నా వంతు నాకు వచ్చేది, అందులో అన్యాయం చెయ్యలేదు. ఘాటులో ఎదురొచ్చేవాళ్ళు దారి ఇచ్చేవాళ్ళు, చెయ్యి మాత్రం ఊపేవాళ్ళు కాదు. తడిసిన టార్పాలిన్ మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. లైనులో ఎవరున్నా వచ్చి రెండో అంచు పట్టుకోవడం ఆనవాయితీ. నేను ఒక అంచు మీద రాళ్ళు పెట్టి, రెండో అంచు ఈడ్చుకుంటూ ఒక్కణ్ణే మడవడం నేర్చుకున్నాను. పావుగంట పట్టేది. ఆ పావుగంటా అందరూ ఎటో చూస్తుండేవాళ్ళు.

మావ టైరు సంచి సంగతి చెప్పాలి. అది ఖాళీగానే ఉండిపోయింది. ఆ బాకీ తీర్చాలని నేను కూడబెడుతూనే ఉన్నాను. పాత కిరాయిలో కూడబెట్టడం అంటే మీకు తెలిసిందే, ఒక చేత్తో వేస్తే ఇంకో చేత్తో తీయాల్సి వచ్చేది. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో, అరిగిపోయిన ముందు టైరుతోనే ఆయన ఘాటు దిగుతున్నాడు. మలుపులో అది పేలింది. దేవుడి దయవల్ల బండి లోయ వైపు పోలేదు, కొండకి కొట్టుకుంది. మనిషికి చెయ్యి విరిగింది. బండి మాత్రం ఇక లేవలేదు.

నేను ఎక్కుతూ చూశాను. బండ్లు ఆగి ఉన్నాయి. ఆయన్ని రాయి మీద కూర్చోబెట్టి చేతికి గుడ్డ కడుతున్నారు. నేను బండి ఆపి పరిగెత్తుకెళ్ళాను. నాకు దారివ్వకుండా ఒక డ్రైవరు అడ్డం నిలబడ్డాడు.

"నీ లోడు తడిసిపోతాది. నువ్వెల్లు," అన్నాడు.

వాళ్ళ భుజాల మీదుగా మావ నన్ను చూశాడు. నొప్పితో ఉన్నాడు, అసలు చూశాడో లేదో కూడా నాకు సరిగ్గా తెలియదు. నేను తిరిగి వచ్చి బండెక్కాను. ఆ రోజు ఎక్కకుండా ఉండాల్సింది. అందర్నీ తోసుకుని వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చోవాల్సింది. అంత ధైర్యం లేకపోయింది.

బండి తుక్కు కింద అమ్మేసి ఆయన ఊరు వెళ్ళిపోయాడు. ఇవ్వాల్సిన డబ్బు ఆ సంక్రాంతి దాటాక మనియార్డరు చేశాను. ముట్టినట్టు రసీదు ముక్క వచ్చింది. ఉత్తరం రాలేదు, నేనూ రాయలేదు.

మూడేళ్ళు గడిచాయి. నా వాయిదాలన్నీ తీరిపోయాయి. ఆ రోజున మా వీధిలో ఎవరికైనా స్వీటు పెడదామనుకున్నాను. తీసుకునేవాళ్ళు లేక పొట్లం ఇంటికే తెచ్చేశాను. ఆ వేసవిలో ఒకసారి గరివిడి మీదుగా వెళ్తుంటే రైలు గేటు పడింది. నా ముందు ఫ్యాక్టరీకి రాయి తోలే లారీ ఆగి ఉంది. దాని డ్రైవరు దిగి నీడలో బీడీ ముట్టించుకుంటున్నాడు. ఎడంచెయ్యి కాస్త వంకరగా ఉంది. మావే. ఆ వయసులో ఇంకొకరి బండి మీద జీతానికి నడుపుతున్నాడు.

దిగి వెళ్ళాను. మొహం మీద ఉమ్మేసినా సరే అనుకుని వెళ్ళాను.

"ఏటిరా అల్లుడా, సిక్కిపోనావు?" అన్నాడు. మూడేళ్ళలో లైను మనిషి ఒకరు నన్ను పలకరించడం అదే మొదటిసారి.

"నీ డబ్బు ఆలస్యం చేశాను మావా."

"డబ్బుకేటి, ఒచ్చింది గదా." బీడీ పీల్చి, రైలొచ్చే వైపు చూస్తూ అన్నాడు, "బండి నీదేనా ఇప్పుడు? అప్పు తీరిపోనాదా?"

"తీరిపోయింది."

బీడీ నుసి రాల్చాడు. తర్వాత మెల్లగా, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నట్టు అడిగాడు.

"ఒక మాట సెప్పరా. ఆ ఉప్పు లోడు... అదైనా నీకు గిట్టిందా?"

నాకు ఆ గుమస్తా లెక్కపెట్టిన నోట్లు, తడిసిన బస్తాలు, అమ్మిన బిందె అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆయన కళ్ళలోకి చూశాను. అక్కడ కోపం లేదు. తెలుసుకోవాలనే ఆశ ఉంది, అంతే.

"గిట్టింది మావా," అన్నాను. "బాగా గిట్టింది. అర్ధ రూపాయి ఎక్కువిచ్చాడు."

ఆయన మొహం విప్పారింది. నా భుజం మీద ఆ వంకర చెయ్యి వేశాడు.

"ఇంక సాలు. మా ఆడదానికి నాను అదే సెప్తన్నాను. మన బండి పోతే పోనాది, ఆడిదైనా నిలబడ్డాది, ఊరికే పోనేదే అని. అది నమ్మదు. ఈ పూట ఎల్లి సెప్తాను."

రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. ఆయన బీడీ ఆర్పి, ఒంటి చేత్తో పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కాడు. పట్టాలు దాటాక కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు. నా వెనక బళ్ళు హారన్లు కొడుతున్నా నేను కదల్లేకపోయాను. ఆయన్ని అంత సంతోషపెట్టిన మాట నేను నా జన్మలో ఇంకొకటి చెప్పలేదు. అదీ అబద్ధమే.